నాలుగు కన్నాలు

కప్పున్న బండిలోకి దుమ్ము రాకుండా ఉండాలంటే దాని ముందు గోడకి ఒక కన్నం పెట్టాలి. నీళ్ళు నిలవకుండా ఉండాలంటే అడుగున ఉన్న కన్నాలు ముయ్యకూడదు. ఇరవై ఎనిమిదేళ్ళ డ్రైవరు ఉద్యోగంలో నేను నేర్చుకున్న విద్యంతా చెప్పమంటే ఈ రెండు ముక్కల్లో అయిపోతుంది. మొదటిది నమ్మడానికి నాకు ఏడాది పట్టింది. రెండోది నాకు ఒక్క పూటలోనే అర్థమైంది, కానీ దాని ఖరీదు కింద ఒక ముసలావిడ పదకొండు నెలలు ఇచ్చుకుంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీలాంటివాళ్ళకి పనికొస్తుందో లేదో గానీ, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఏలూరులో నేను పనిచేసినది ఒక సర్వే ఆఫీసు. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. మా పాత జీపు ఇక నావల్ల కాదని మొరాయిస్తే, ఇంకో ఆఫీసువాళ్ళు వాడి వదిలేసిన పికప్ బండి మాకిచ్చారు. ముందు ముగ్గురు పట్టే సీటు, వెనక ఇనప తొట్టి. మా పని ఊరూరా తిరిగి హద్దులు కొలవడం. పొలాల కొలతల పటాలు, గొలుసు, జెండా కర్రలు, కొలిచే పరికరాలు ఆ తొట్టిలో పెట్టుకుని తిరగాలి. తొట్టికి కప్పు లేదు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్‌కి వచ్చే లారీలకి బాడీలు కట్టే షెడ్డు ఒకటి ఉండేది. అక్కడి మేస్త్రీ, అరవై దాటిన మనిషి, మా తొట్టి మీద రేకు కప్పు వేసి, వెనక రెండు రెక్కల తలుపు పెట్టి ఇచ్చాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

కానీ అప్పట్లో హైవే వెడల్పు చేస్తున్నారు. ఏలూరు నుంచి గుండుగొలను దాకా కంకర దుమ్ము. అక్కడ మలుపు తిరిగి కొల్లేరు లంకల్లోకి దిగితే చెరువు గట్ల మీద మట్టి రోడ్లు. చేపల లారీలు తిరిగి తిరిగి ఆ మట్టి మెత్తటి పిండి అయిపోయేది. పొద్దున్న వెళ్ళి సాయంత్రం ఆఫీసుకొచ్చి తలుపు తీస్తే, లోపలున్న పటాల పెట్టె ఏ రంగుదో చెప్పలేకపోయేవాళ్ళం.

ఆ పటాలకి ఒక కాపలాదారు ఉండేవారు. రికార్డు గది చూసే మేడమ్ గారు. మిషన్ బడిలో పాఠాలు చెప్పిన పంతులుగారి కూతురు. ఇస్త్రీ చీర, పిన్ను పెట్టిన పైట, ఎప్పుడూ చేతిలో తెల్ల రుమాలు. ఆవిడకి దుమ్ము పడదు. తుమ్ములు మొదలైతే పది దాకా ఆగవు. అలాంటి మనిషికి వెతికి వెతికి రికార్డు గది ఇచ్చారు. నేను బండి ఆపగానే ఆవిడ మెట్లు దిగి వచ్చేవారు. రేకు పెట్టె మూత మీద చూపుడువేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి గీసి, ఆ వేలు నాకు చూపించేవారు.

"ఏవండీ డ్రైవరు గారూ, కొల్లేరు మన ఆఫీసుకే వచ్చేసిందండీ," అనేవారు.

అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనేవారు కాదు. నన్ను నాలుగు తిట్టి ఉంటే బావుండేది. తిట్లకి నేను అలవాటు పడ్డ మనిషిని. ఆ వేలికి మాత్రం అలవాటు పడలేకపోయాను.

సందులు మూయడం మొదలుపెట్టాను. పాత సైకిలు ట్యూబులు కోసి తలుపు అంచులకి అతికించాను. రబ్బరు బీడింగు వేశాను. కీళ్ళకి గ్రీజు పూశాను. ఎంత బిగిస్తే అంత సన్నటి దుమ్ము వచ్చేది, పౌడరు లాంటిది. అది పటాల మడతల్లోకి కూడా దిగేది. ఏడాది పొడుగునా ఇదే తంతు. చివరికి ఒకరోజు తాడేపల్లిగూడెం వైపు పని పడితే, మేస్త్రీతో దెబ్బలాడదామనే షెడ్డుకి వెళ్ళాను.

ఆయన నా మాటలన్నీ విని, బీడీ పారేసి, టార్చిలైటు పట్టుకుని తొట్టిలోకి ఎక్కి కూర్చున్నాడు.

"తలుపెయ్యండి డ్రైవరు గారూ. మట్టిరోడ్డు మీద ఓ రెండు మైళ్ళు పోనివ్వండి," అన్నాడు.

పోనిచ్చాను. తిరిగొచ్చి తలుపు తీస్తే ఆయన కనుబొమలు తెల్లగా అయిపోయి ఉన్నాయి. దగ్గుతూనే దిగాడు. ఎక్కేముందు తలుపు సందుల్లో నూలు పోగులు కట్టుకున్నాడట. పైసందులో పోగులు బయటికి, కిందసందులో పోగులు లోపలికి ఎగిరాయని చెప్పాడు.

"బండి పోతా ఉంటే దాని ఎనకాల ఖాళీ పడుద్దండి. ఆ ఖాళీ లోపలున్న గాలిని పైనుంచి లాగేద్ది. లాగేసిన చోటుకి కిందనుంచి దుమ్ము దూరుద్ది. మీరు సందు మూసేకొద్దీ ఉన్న కాస్త సందులోంచే గట్టిగా పీల్చుద్దండి," అన్నాడు.

"మరేం చెయ్యమంటారు?"

"ముందు గోడకి కన్నం పెడతానండి. గాలి లోపల నిండిపోద్ది. అన్ని సందుల్లోంచీ గాలి బయటికే పోతా ఉంటే దుమ్ము ఎదురెలా వస్తాదండి?"

దుమ్ము రాకుండా చెయ్యమని వస్తే కొత్తగా కన్నం పెడతానంటాడేమిటి అనుకున్నాను. అయినా ఆ తెల్ల కనుబొమలు చూశాక కాదనలేకపోయాను. కేబిన్ పైన, ముందు గోడకి రెండు అరచేతులంత తూము కోసి, దాని మీద వంగిన రేకు టోపీ పెట్టాడు. పెద్దవాన వస్తే మూసుకోడానికి ఒక మూత, దానికి బయట ఒక పిడి. బండి దిగి, మెట్టు మీద కాలు పెట్టి అందుకోవాలి. అంతా అయ్యాక తొట్టి అడుగున నాలుగు మూలలా ఉన్న నాలుగు చిన్న కన్నాలు చూపించాడు.

"ఇయ్యి మాత్రం ముట్టుకోకండి. కంపెనీవోడు ఊరికే పెట్టడు. నీళ్ళకి ఇదే దారండి," అన్నాడు.

ఆ కన్నంతో దుమ్ము పదింట తొమ్మిదొంతులు పోయింది. మేడమ్ గారు వేలు గీసి చూశారు. సన్నటి జాడ ఒకటి కనబడింది. "కొంచెం నయమండీ," అన్నారు.

ఆ 'కొంచెం' నన్ను తినేసింది. ఆదివారం పూట బండి కింద పడుకుని చూశాను. బండి నెమ్మదిగా పోయే చోట తూములోంచి గాలి సరిగ్గా నిండదు. అప్పుడు వెనక చక్రాలు చిమ్మే మట్టి ఆ నాలుగు కన్నాల్లోంచి పైకి వస్తోంది. పైపులకి పెట్టే సీలు ముద్ద తెచ్చి, చేత్తో మెదిపి, నాలుగు కన్నాలకీ కూరాను. పెట్టె కింద ఎత్తుకోసం వేసిన చెక్కల కింద కూడా దుమ్ము చేరుతోందని ఆ చెక్కలు తీసి పారేశాను.

తరవాతి ప్రయాణం నుంచి వచ్చాక మేడమ్ గారు వేలు గీశారు. వేలు చూసుకున్నారు. మళ్ళీ గీశారు. ఆ వేలు పట్టుకుని లోపలికి వెళ్ళి సెక్షన్‌లో అందరికీ చూపించారు. "పనంటే ఇదండీ," అన్నారు. నా సర్వీసులో నాకు మెచ్చుకోలు కాగితం అంటూ ఏదీ రాలేదు. ఆ సాయంత్రం మాత్రం ఇంటికెళ్ళి మా ఆవిడకి ఆ వేలి కథ రెండుసార్లు చెప్పాను.

ఇక ముసలావిడ సంగతి. కొల్లేటి లంక ఊళ్ళలో ఒకదాంట్లో ఆవిడకి ఎకరన్నర పొలం ఉంది. అత్తమామల నుంచి వచ్చిన పట్టా భూమి. పక్కనే పెద్ద చేపల చెరువు, ఎనభై ఎకరాలకి పైమాటే. ఏటేటా గట్టు బాగుచేయిస్తూ ఆ చెరువువాళ్ళు కాస్త కాస్త ఇటు జరిగారు. హద్దురాయి ఎప్పుడో మాయమైంది. మేం చూసేనాటికి ఆవిడ భూమిలో ఎకరం గట్టు కిందా నీళ్ళ కిందా ఉంది. మిగిలిన అరెకరంలో నాట్లు వేస్తే నీరు నిలిచి కుళ్ళిపోయేది. కాలవలకి అడ్డంగా గట్లు పడి, ఆ ఊళ్ళో వాన కురిస్తే వీధిలో నీరు వారం దాకా కదిలేది కాదు. ఆ ఒక్క చెరువనే కాదు, చుట్టూ అన్నీ అలాంటివే.

ఆవిడ మూడేళ్ళు మా ఆఫీసు చుట్టూ తిరిగింది. ఏలూరు బస్సు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని వరండాలో కూర్చునేది. ఆవిడ మాట ఒక్కటే.

"రాయి పీకేశారు గానీ రాయి కింద బొగ్గులు పీకలేదు బాబూ. నేను కాపరానికొచ్చిన కొత్తలో మా మాంగారు పాతించేరు. బొగ్గులూ, కుండ పెంకులూ, గుప్పెడు ఉప్పూ. నేనే తట్ట మోసేను."

పాతకాలంలో హద్దురాయి కింద బొగ్గులు వేసే అలవాటు ఉండేది. రాయి పోయినా బొగ్గు చెడదు. కానీ గట్టు పొడుగునా ఎక్కడని తవ్వుతారు? పటంలో ఉన్న కొలత ప్రకారం చోటు తేలితేనే తవ్వాలి. చెరువు తరఫువాళ్ళు మా నకలు పటం తప్పని అభ్యంతరం పెట్టారు. అసలు పటం తీసుకొచ్చి పొలంలోనే చూపించాలని తేలింది. దానికి పై ఆఫీసరు హైదరాబాదు నుంచి ఒక్క రోజు కోసం వస్తున్నారు. ఆవిడకి మూడేళ్ళకి దొరికిన తేదీ అది.

ఆ పొద్దున్న మేడమ్ గారు ఆ ఊరి పటాల కట్టని ఎర్రగుడ్డలో చుట్టి రేకు పెట్టె అడుగున పెట్టారు. మబ్బు పట్టి ఉంది. ఆవిడ ఆకాశం చూసి, "పాలిథిన్ కవరు కూడా చుట్టనా అండీ?" అని అడిగారు.

"అక్కర్లేదండీ. నా బండిలోకి చీమ కూడా దూరదండి," అన్నాను.

ఆవిడ నవ్వి, కవరు తీసి పక్కన పెట్టేశారు. ఆ నవ్వు నామీద నమ్మకంతో నవ్వినది. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అంత ముఖ్యమైన పటం ముందు సీట్లో పెట్టుకోవచ్చుగా అని మీరడగొచ్చు. ముందు సీట్లో నా పక్కన సర్వేయరు గారు, కొలత గొలుసు పట్టే చైన్‌మన్ కూర్చున్నారు. వాళ్ళ ఒళ్ళో భోజనం క్యారియర్లు ఉన్నాయి.

గుండుగొలను దాటి లంకల వైపు తిరిగాక వాన పట్టుకుంది. ఎదురుగాలి వాన. పై ఆఫీసరుగారి కారు మా ముందు పోతోంది. తూము మూత వెయ్యాలంటే ఆగి, దిగి, తడిసి అందుకోవాలి. సర్వేయరు గారు గడియారం చూసుకుంటున్నారు. 'కాసిని నీళ్ళు లోపలికి వస్తే వచ్చాయి, అడుగు కన్నాల్లోంచి పోతాయిలే' అనుకుని పోనిచ్చాను. సరిగ్గా ఈ మాటే అనుకున్నాను. ఆ కన్నాలు మూసింది నేనేనన్న సంగతి ఆ క్షణంలో నా బుర్రలో లేదు. వాటిని మూసి ఆర్నెల్లయింది. చేసినప్పుడు ఎంత గొప్ప పనిగా తోచిందో, అంత పూర్తిగా మర్చిపోయాను.

గతుకుల్లో బ్రేకు వేసినప్పుడల్లా కప్పు మీది వాన ముందుకు జారి ఆ టోపీ మీదుగా తూములోకి దిగింది. ఊరు చేరి, గట్టు వాలులో ముక్కు కిందికి పెట్టి బండి ఆపాను. తలుపు తీస్తే ముందు మూలకి నీరు చేరి ఉంది. నాలుగు వేళ్ళ లోతు. పటాల పెట్టె ఆ మూలే ఉంది. దాని అడుగు అంచు తుప్పు పట్టి ఎప్పుడో విడిపోయి ఉంది. ఎర్రగుడ్డ మూట పైకి తీస్తే, రంగు కారుతూ వచ్చింది.

గొడుగుల కింద ఆఫీసరుగారి ముందు ఆ కట్ట పెట్టాం. పటాలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. సర్వేయరు గారు కంగారులో పై పటం అంచు పట్టి లాగబోతే కొస చిరిగి చేతిలోకి వచ్చింది. ఆఫీసరుగారు ఆగమని చెయ్యి చూపించారు.

ముసలావిడ ఆ పటం వైపే చూస్తోంది. ఆవిడకి చదువు లేదు. అయినా తన పొలం ఆ ముద్దలో ఉందని తెలుసు. చెరువు తరఫు మనిషి ఒకాయన, మాకు కొబ్బరిబోండాలు కొట్టించినాయన, ఎంతో జాలిగా, "పాపం, వానండీ. ఎవరేం చేస్తాం," అన్నాడు.

ఆఫీసరుగారు నన్ను అడిగారు. "టాప్ కారుతోందా?"

సర్వేయరు గారు నాకంటే ముందే అందుకున్నారు. "గూడెంలో కట్టించామండి. వాడెవడో ముందు గోడకి కన్నం పెట్టాడండి."

ఆ సరికి నాకు గుర్తొచ్చేసింది. ఇందాక మూట తియ్యడానికి తొట్టిలోకి ఎక్కినప్పుడే, నా కాళ్ళ దగ్గర, నీళ్ళ కింద, నా బొటనవేలి ముద్రతో సహా సీలు ముద్ద కనబడింది. అయినా మాట్లాడలేదు. భయం కాదు. ఇరవై మందిలో 'నేనే' అనడానికి నామోషీ అడ్డొచ్చింది.

రికార్డు చదవడానికి వీలుగా లేదని, తేదీ మళ్ళీ నిర్ణయిస్తామని ఆఫీసరుగారు రాసి, సంతకం పెట్టి వెళ్ళిపోయారు. ముసలావిడ తన గుడిసెలోంచి పొడి గుడ్డ తెచ్చి, "ఇందులో చుట్టండి బాబూ, ఇంకా తడిసిపోద్ది," అంది. అది తీసుకోడానికి నాకు చేతులు రాలేదు. చైన్‌మన్ తీసుకున్నాడు.

సాయంత్రం ఆఫీసుకి చేరాక మేడమ్ గారు మెట్లు దిగి వచ్చారు. మూట చూశారు. బండి దగ్గరకి నడిచి, వంగి, తొట్టి మూలలో నీళ్ళలోకి చూపుడువేలు పెట్టి తడిమారు. వేలు ఆ ముద్ద మీద ఆగింది.

"ఈ కన్నాలు ఎవరు మూశారండీ?"

"నేనేనండి."

"ఎందుకండీ?"

"మీ వేలికి దుమ్ము అంటకూడదనండి."

ఆవిడ వేలు రుమాలుతో తుడుచుకున్నారు. "నాలుగు రోజుల్లో మీ అంతట మీరే సంజాయిషీ రాసివ్వండి. నేను మళ్ళీ అడగను. అందులో నా వేలి సంగతి కూడా రాయండి," అని మూట తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆవిడ గోళ్ళు కత్తిరించుకుని వచ్చారు. తన పాత నూలు చీరలు రెండు చింపి తెచ్చారు. పటానికీ పటానికీ మధ్య గుడ్డ ముక్క పెట్టడం, పూటకోసారి మార్చడం, సన్నటి వెదురుపుల్లతో అంచు విడదీయడం. ఫ్యాను వేస్తే కాగితం ముడుచుకుంటుందని ఫ్యాను కూడా వేసుకోలేదు. మూడు వారాలు పట్టింది. ఎర్రసిరా గీతలు కారిపోయాయి గానీ నల్లసిరా అంకెలు నిలిచాయి. చిరిగిన కొసలో ఒక అంకె సగమే ఉంది. అది ఎనిమిదే అయి ఉంటుందని సర్వేయరు గారు అంటే, "అయి ఉంటుందని నేను రాయనండీ," అన్నారు ఆవిడ. అదృష్టంకొద్దీ ఆ అంకె ముసలావిడ హద్దుది కాదు.

సంజాయిషీ నేను నాలుగో రోజు రాశాను. మొదటి మూడు రోజులూ ఏం చేశానంటే, ఏమీ చెయ్యలేదు. వేలి సంగతి రాయలేదు. ఒక ఇంక్రిమెంటు ఆపారు. అంతకి మించి ఏమీ కాలేదు. ఆ నాలుగు రోజుల్లోనే మేస్త్రీ షెడ్డుకి మా ఆఫీసు నుంచి ఉత్తరం వెళ్ళిపోయింది, ఇకమీదట పని ఇవ్వబోమని. నా సంజాయిషీ మీద దాన్ని వెనక్కి తీసుకున్నారు. నేను స్వయంగా గూడెం వెళ్ళాను.

"ముట్టుకోకండని చెప్పేనా లేదా అండీ?" అన్నాడు మేస్త్రీ.

"చెప్పారండి."

"ఆయ్. ఎవరికైనా ఓ తప్పు రాసిపెట్టి ఉంటాదిలెండి. కానీ నాలుగు రోజులు ఆగేరు చూడండి, అది బాలేదండి. ఆ నాలుగు రోజులూ మా ఆడది నన్ను మనిషిగా చూళ్ళేదు. ముసలోడివైపోయావు, కన్నాలు ఎక్కడ పెట్టాలో కూడా తెలీటం లేదంది."

డ్రిల్లు తీసి, బండి కింద దూరి, నాలుగు కన్నాలూ ఆయనే తెరిచాడు. బక్కెట్టు నీళ్ళు తొట్టిలో గుమ్మరించాడు. కింద నాలుగు ధారలు పడేదాకా ఇద్దరం నిలబడి చూశాం.

రెండో తేదీ రావడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ మధ్యలో వేరే పని మీద ఒకసారి ఆ ఊరు వెళ్ళాను. చెరువులో చేపల పట్టుబడి జరుగుతోంది. గట్టు మీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని చేపలు ఏరి పెట్టెల్లో ఐసు వేస్తున్నారు. వాళ్ళలో ముసలావిడ ఉంది. తన పొలం మీద వేసిన గట్టు మీదే కూర్చుని, ఆ చెరువువాళ్ళకే కూలికి చేపలు ఏరుతోంది. మిగిలిన అరెకరంలో ఆ ఏడు నారు కూడా బతకలేదట. నన్ను గుర్తుపట్టి, "తేదీ ఏమన్నా వచ్చిందా బాబూ?" అని అడిగింది. ఇంకా రాలేదండి మామ్మగారూ అన్నాను. నాకు సిగ్గేసింది.

రెండోసారి వెళ్ళేటప్పుడు మేడమ్ గారు నన్నేమీ అడగలేదు. పటం మీద గుడ్డ, గుడ్డ మీద పాలిథిన్, పాలిథిన్ మీద ఇంకో గుడ్డ చుట్టారు. దాన్ని తీసుకెళ్ళి ముందు సీట్లో పెట్టారు. సర్వేయరు గారినీ చైన్‌మన్‌నీ క్యారియర్లతో సహా వెనక తొట్టిలో కూర్చోమన్నారు. గుండుగొలను దాకా, అక్కణ్ణించి లంక దాకా వాళ్ళు అలాగే వచ్చారు. దిగేటప్పుడు చూశాను. సర్వేయరు గారి తెల్ల చొక్కా తెల్లగానే ఉంది. మేస్త్రీ కన్నం పనితనానికి ఇంకెవరి సాక్ష్యమూ అక్కర్లేదు.

అసలు పటం పరిచి, మూడు ఊళ్ళు కలిసే చోట ఉన్న రాయి దగ్గర నుంచి కొలిచారు. చెరువు తరఫాయన పటం మీదికి వంగి ప్రతి అంకె చూసుకున్నాడు. గొలుసు వచ్చి వచ్చి ఆవిడ పొలం అవతలి మూలకి, చెరువు అడ్డగట్టు నడిమధ్యన ఆగింది. అక్కడ తవ్వించారు. మోకాలి లోతు పోయింది, ఏమీ లేదు. నడుం లోతు వచ్చేసరికి చెరువు తరఫాయన మొహం తేటపడింది. ముసలావిడ గోతి అంచున గొంతుకూర్చుని, "ఇంకా కిందికి బాబూ. పైనంతా ఈళ్ళు పోసిన మట్టే," అంది. ఇంకో మూరెడు తవ్వాక పార నల్లగా వచ్చింది. బొగ్గులు. వాటితోపాటు కుండ పెంకులు. ఉప్పు మాత్రం ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది.

ఆవిడ ఏడవలేదు, నవ్వలేదు. ఒక పెంకు తీసుకుని పైటకొంగుకి తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టేసింది. "దీని చోటు దీనిదే," అంది. ఆఫీసరుగారు అక్కడే కొత్త రాయి పాతించారు.

నెల తిరిగాక ఆవిడ పొలం మీది గట్టు తెగ్గొట్టారు. పని అయిందో లేదో చూసి రమ్మంటే సర్వేయరు గారిని తీసుకుని వెళ్ళాను. అంతకుముందు రెండు రోజులు వాన కురిసింది. గండిలోంచి నీరు కాలవలోకి బిరబిరా పోతోంది. చీర ఎగదోపుకుని ముసలావిడ ఆ నీటి పక్కనే నిలబడి ఉంది. బురదలోంచి ఆవిడ నేల అక్కడక్కడా పైకి తేలుతోంది. సర్వేయరు గారు కొలతకి అటు వెళ్ళాక, నేను ఆవిడ పక్కన నిలబడ్డాను. ఏడాదిగా నోట్లో ఉన్న మాట అప్పుడు చెప్పేశాను.

"మామ్మగారూ, ఆవేళ పటం తడిసింది వానవల్ల కాదండి. నీళ్ళు పోయే కన్నాలు బండికి అడుగున ఉంటాయి. దుమ్ము వస్తోందని వాటిని నేనే మూశాను. మీకు ఏడాది పోయింది నావల్లేనండి."

ఆవిడ నా మొహంలోకి చూసింది. కోప్పడుతుందనుకున్నాను. అలా అయినా బావుండునని కూడా అనుకున్నాను.

"ఎన్ని మూసేవు?" అంది.

"నాలుగండి."

"మళ్ళీ తెరిచేవా?"

"నాలుగూ తెరిపించానండి."

ఆవిడ తల తిప్పి అటు చూసింది. కనుచూపు మేర, కాలవలకి అడ్డంగా గట్టు వెనక గట్టు, చెరువు వెనక చెరువు.

"నయం బాబూ," అంది. "నీయి నాలుగే."